పాచిక పారడం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కరువుభత్యం బకాయిల గురించి కార్యదర్శిగారు చెప్పవలసినదంతా చెప్పారు. నన్ను మాత్రం పది నిమిషాలు ఏదైనా నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. నాలుగు మాటలు నా వల్ల కాదు. ఒక్క మాట గురించి చెబుతాను.

ఈ మధ్య మా మనవరాలు పత్రికలో "ప్రతిపక్షం పాచిక పారలేదు" అన్న శీర్షిక చదివి, "తాతయ్యా, పాచిక అంటే పాచిపోయినదా?" అని అడిగింది. నవ్వు వచ్చింది గాని, లూడో డబ్బాలో ప్లాస్టిక్ ముక్క తప్ప ఎరగని పిల్లకు పాచిక ఎలా తెలుస్తుంది?

'పాచిక' సంస్కృతంలోని 'పాశక' శబ్దం నుంచి వచ్చింది. మన పెద్దలు పగడసాల ఆడేటప్పుడు దొర్లించిన పాచికలు నిలువుగా, వేలంత పొడవున, నాలుగు పక్కల చుక్కలతో ఉండేవి. దంతంతోనో, ఎముకతోనో, కొయ్యతోనో, ఇత్తడితోనో చేసేవారు. మొహెంజొదారో తవ్వకాల్లో కూడా పాచికలు దొరికాయి. అంతకన్నా సులువైన సాధనం తానికాయ. ఋగ్వేదం 10వ మండలం 34వ సూక్తంలో జూదరి గోడు వెళ్ళబోసుకునేది ఈ కాయల గురించే. మనలో చాలామంది రాత్రిపూట వేసుకునే త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయలతోపాటు ఉండేది కూడా ఆ తానికాయే!

ఇక 'పారడం' అంటే పరుగెత్తడం, ప్రవహించడం. నీరు పారుతుంది. అలాగే పాచిక చేతిలోంచి జారి, పటం మీద దొర్లి, కోరిన పందెం పడితే పాచిక పారినట్టు. ఎత్తు పారింది, మంత్రం పారలేదు అనడం కూడా ఈ తీరుదే. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. వేసేది చెయ్యి, పారేది పాచిక. ఏ కాయను కదపాలో మన తెలివి. ఎంత పడుతుందో మన చేతిలో లేదు. మరి ఈ మాటకు కపటం ఎలా అంటుకుంది? భారతంలోని మాయాజూదమే మనకు ముందు గుర్తొస్తుంది. శకుని పాచికలు తండ్రి ఎముకలతో చేసినవన్న కథ వ్యాస భారతంలో లేకపోయినా జనం నోట నిలిచిపోయింది. దాంతో పాచిక అంటేనే పన్నాగం అయింది.

ఆ అర్థంలోనే నేనీ మాట ఒకసారి వాడాను. 1984లో నేను ఒక జిల్లా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటును. మా ఊరి దగ్గర ఒక పోస్టు ఖాళీ అయితే నేనూ, నా పక్క సీటు మిత్రుడూ దరఖాస్తు పెట్టుకున్నాం. ఆర్డరు ఆయనకు వచ్చింది. వీడ్కోలు టీ పార్టీలో అందరి ఎదుటా, "ఏమండీ, మొత్తానికి మీ పాచిక పారింది!" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన గ్లాసు కింద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయారు.

తరువాత తెలిసింది. వాళ్ళ నాన్నగారికి పక్షవాతం. డాక్టరు సర్టిఫికెట్టు జతచేసి మామూలు అర్జీ పెట్టుకున్నారంతే. సిఫారసు ఉత్తరం పట్టుకుని తిరిగింది నేను! అంటే పాచిక వేసినవాణ్ణి నేను. అది పారకపోయేసరికి నోరు పారేసుకున్నాను. క్షమాపణ చెప్పడానికి ఒక పోస్టుకార్డు చాలు. అదీ రాయలేదు.

పదవీ విరమణ తరువాత ఒక నవంబరులో, లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి ట్రెజరీకి వెళితే వరుసలో నా ముందు ఆయనే ఉన్నారు. చేతులు పట్టుకుని, "ఆ రోజు తప్పు మాట అన్నానండీ" అన్నాను. ఆయన కొంచెంసేపు ఊరుకుని, "వెళ్ళిన నాలుగో నెలలో నాన్నగారు పోయారండీ. ఆ నాలుగు నెలలూ నా చేత్తో అన్నం తినిపించాను. మీరన్నది నిజమే, నా పాచిక పారింది" అన్నారు. నిష్ఠూరం లేకుండానే అన్నారు. నాకే కళ్ళు తడిశాయి.

మన ఆటల్లో చుట్టంతా తిరిగి నడిమి ఇల్లు చేరిన కాయను 'పండింది' అంటాం. మనందరం ఆ ఇంటికి దగ్గరలో ఉన్నవాళ్ళమే. ఎవరికైనా మంచి జరిగితే, పన్నాగమనే ముందు పందెం పడిందేమో అనుకుందాం. ఎవరికైనా బాకీపడ్డ మాట ఉంటే, ట్రెజరీ వరుసలో కలిసేదాకా ఆగకండి. అందరికీ నాకు కలిసివచ్చినట్టు కలిసిరాదు.