చూసేవాళ్ల చేతికీ ఒక పని ఇద్దాం

 

ఐక్యరాజ్యసమితి 1994లో ప్రకటించినప్పటి నుంచి ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ రోజు చాలాచోట్ల జరిగేది ఏమిటి? వేదిక కడతారు, కుర్చీలు వేస్తారు. మనవాళ్లు పది నిమిషాలు ఆడతారు. వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకుని వెళ్లిపోతారు. మనల్ని చూశారు గానీ, మన గురించి తెలుసుకున్నది ఏమీ లేదు.

మన సీమ పండగలు ఇలా ఉండవు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరే చూడండి. బైరాగి వేషానికి నామంకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. ఖర్చు తక్కువ, మొక్కుకున్నవాళ్లు ఎవరైనా వేయొచ్చు. అందుకే అక్కడ వేషగాడెవరో, భక్తుడెవరో విడదీయలేం. చిత్తూరు పల్లెల మహాభారత ఉత్సవాల్లో మట్టి దుర్యోధనుణ్ణి మైదానంలోనే పడుకోబెడతారు. జనం చుట్టూ చేరితేనే అది కురుక్షేత్రం. మన సుగాలీల తీజ్‌లో ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి, పాటలతో పెంచుతారు. అక్కడ ఊరికే కూర్చుని చూసేవాళ్లు ఉండరు.

మన కార్యక్రమాలకూ ఇదే పద్ధతి పెడదాం. ఒక పెద్ద గంపను సగం అల్లి మధ్యలో ఉంచుదాం. పక్కన ఎరుకల అవ్వ ఒకరు కూర్చుంటారు. వచ్చిన ప్రతివాళ్లూ ఒక ఈతబరికె అల్లాలి. దాన్ని కుర్రు భాషలో ఏమంటారో అవ్వనడిగి, గోడమీద తెలుగు లిపిలో రాయాలి. చేతికి బరికె గుచ్చుకున్నాక, గంప ధర దగ్గర బేరం ఆడటానికి నోరు రాదు. సాయంత్రానికి గంపా పూర్తవుతుంది, గోడనిండా మన మాటలూ ఉంటాయి.

మూడు జాగ్రత్తలు. అవ్వకు ఆ రోజు కూలి ముందే ఇవ్వాలి, శాలువాతో సరిపెట్టొద్దు. ఏది బయటివాళ్లకు చూపొచ్చో, ఏది ఇంటి దేవర దగ్గరే ఉండాలో పెద్దలే తేల్చాలి. సోది చెప్పడాన్ని నవ్వులాట చేయొద్దు.

గోడమీద రాయడానికి ముందు ఆ మాటలు మనకు రావాలి కదా! యానాదులైనా, ఎరుకలైనా, సుగాలీలైనా, ఈ వారమే మీ ఇంట్లో అవ్వ దగ్గరో తాత దగ్గరో కూర్చోండి. పనిముట్ల పేర్లు, మూలికల పేర్లు పది రాసుకోండి. ఫోన్‌లో వాళ్ల గొంతు కూడా పట్టుకోండి. ఆ పెద్దలు ఉండగానే ఈ పని జరగాలి.