పాతకాలపు కార్ల ఛాయాచిత్రణము

హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమున నిజాముల పసుపువన్నె రోల్స్ రాయిస్, 1912 నాటి సిల్వర్ ఘోస్ట్, నేటికిని దర్శనీయముగ నున్నది. అట్టి కారు ఆరుబయట నిలిచియున్నపుడు ఫొటో తీయువారికి ప్రధానక్లేశము ప్రతిబింబము. ఏలయన, మెఱుగుపెట్టిన దాని దేహము ఆకాశమును, చెట్లను, తుదకు కెమెరా పట్టిన మనలను సైతము అద్దమువలె చూపును. పోలరైజింగ్ ఫిల్టరును కటకమునకు తొడిగి మెల్లగా త్రిప్పినచో రంగుపూతపైనను గాజుపలకలపైనను ఆ మెఱపు చాలవఱకు తగ్గును గాని, నికెలు, క్రోమియము పూసిన లోహభాగములపై నది యంతగా పనిచేయదు. వానికై మబ్బుపట్టిన దినపు మృదుకాంతి నెన్నుకొని, ముదురురంగు వస్త్రములు ధరించి నిలువవలెను. నిలుచున్న యెత్తునుండి తీసిన కారు పొట్టిదై, దీనముగ కనబడును; అది నాకు సహింపరాదు. దీపముల యెత్తునకు కెమెరాను దించి, దూరముగ జరిగి, 85 మిల్లీమీటర్ల కటకముతో తీసినచో ఆ పొడవైన ముందుభాగము తన నిజమైన నిష్పత్తులతో గోచరించును.