అనుపు దర్శనము



సత్తెనపల్లి ప్రాంతపు పొలములను తడుపుచున్న సాగరు కుడికాలువ పుట్టుచోటు చూడబోవువారు పెక్కురు ఆనకట్టను మాత్రమే చూచి మరలివత్తురు. మాచెర్ల దాటిన పిమ్మట, పలనాటి రాతికొండల నడుమ, జలాశయపు టొడ్డున అనుపు అను తావు కలదు. దానిని గూడ చూడవలెను.

క్రీస్తుశకము 3వ శతాబ్దమున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అచ్చటి లోయయందు వర్ధిల్లెను. రాజగు శాంతమూలుడు వైదిక యజ్ఞములు చేసెను. అతని సోదరి చాంతిసిరి బౌద్ధుల మహాచైత్యమునకు దానము లొసగెను. ఒకే యింట రెండు మతములును గౌరవము పొందెను.

లోయ మునుగనున్నదని 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు జరిపిరి. 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు ఆనకట్టకు శంకుస్థాపన గావించెను. శిల్పములు నాగార్జునకొండపైకి చేరెను. కొన్ని కట్టడములను అనుపునందు మరల నిర్మించిరి. లోయలోని పల్లెవారు ఇండ్లు విడిచి తరలిరి. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి.

అనుపులోని రంగస్థలపు మెట్లపై కొంతసేపు కూర్చుండవలెను. ఆ మెట్లు మొదట నున్నచోట నేడు నీరున్నది. మడవ తిప్పు రైతు ఆ నీటి యడుగున నొక యూరున్నదని మరువరాదు.

రాళ్లను మోసి కాపాడినవారుండుటచే చాంతిసిరి పేరు నిలిచినది. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమున పుస్తకములను కాపాడినవారి పనియు నట్టిదే.