గాయం గర్భం దాటుతుందా?

యువత కూడికలో ఈ అంశం ఎందుకని కొందరు అడిగారు. మన వీధుల్లో రెండు మాటలు తరచూ వింటుంటాం. "కడుపుతో ఉన్నదాన్ని ఏడిపించకండమ్మా" అని పెద్దమ్మలు అంటారు. "వాళ్ల రక్తమే అంత" అని మరికొందరు అంటారు. మొదటి మాటలో నిజం ఉంది. రెండోది అబద్ధం. ఆ తేడా గురించే ఇవాళ మాట్లాడుకుందాం.

ముందు నెదర్లాండ్స్ సంగతి. 1944 సెప్టెంబరులో, లండన్‌లో తలదాచుకున్న డచ్ ప్రభుత్వం పిలుపు మేరకు అక్కడి రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. దానికి శిక్షగా నాజీ సైన్యం దేశపు పశ్చిమ ప్రాంతానికి ఆహార రవాణాను ఆపేసింది. ఆ చలికాలంలో కాలువలు గడ్డకట్టి పడవలు కూడా కదల్లేదు. రోజువారీ రేషన్ 1,000 కేలరీల కిందికి పడిపోయి, ఒక దశలో అందులో సగానికి చేరింది. జనం తులిప్ గడ్డలు ఉడకబెట్టుకుని తిన్నారు. 1945 మే నెలలో విముక్తి వచ్చేసరికి సుమారు 20,000 మంది చనిపోయారు.

ఆ ఆకలి అంతటితో తీరలేదు. ఆ నెలల్లో తల్లి కడుపులో ఉన్నవారిని పరిశోధకులు దశాబ్దాల పాటు గమనించారు. పెద్దయ్యాక వారిలో రక్తంలో చక్కెర అదుపు తప్పడం, స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి ఎక్కువగా కనబడ్డాయి. 2008లో వచ్చిన ఒక అధ్యయనం ఇంకా లోతుకు వెళ్లింది. ఆ కరువులోనే కడుపున పడ్డవారిని, కరువు తగలని వారి తోబుట్టువులతో పోల్చింది. ఎదుగుదలకు సంబంధించిన ఒక జన్యువు మీద మిథైల్ అనే రసాయన గుర్తులు వీరిలో తక్కువగా ఉన్నాయి. అప్పటికి వారికి అరవై ఏళ్లు!

ఈ గుర్తులంటే ఏమిటి? మనం బైబిల్లో పెన్సిల్‌తో గీతలు గీసుకుంటాం కదా, అలాంటివే అనుకోండి. వాక్యంలో ఒక్క అక్షరమూ మారదు. దేన్ని గట్టిగా చదవాలో, దేన్ని దాటిపోవాలో మాత్రం మారుతుంది. ఇంకొక మాట: కడుపులో ఉన్నది ఆడపిల్ల అయితే, ఆమె అండాలు కూడా అప్పుడే తయారవుతాయి. అంటే ఒక తల్లి పస్తు ఒకేసారి మూడు తరాలకు తగులుతుంది.

భయం సంగతి ఇంత తేటగా తేలలేదు. న్యూయార్క్‌లో రేచెల్ యెహూదా బృందం యూదుల సంహారం నుంచి బతికి బయటపడ్డ 32 మందిని, వారి పిల్లలు 22 మందిని పరీక్షించింది. ఒత్తిడిని అదుపు చేసే ఒకే జన్యువు మీద, ఒకే చోట, ఇద్దరిలోనూ మార్పు కనబడింది. అయితే అది చాలా చిన్న సమూహం. పైగా ఆ పిల్లలు అమ్మానాన్నల రాత్రి కేకలు వింటూ పెరిగి ఉండవచ్చు. ఎంత కడుపులో వచ్చిందో, ఎంత ఇంట్లో వచ్చిందో విడదీయడం కష్టమని తోటి శాస్త్రవేత్తలే అభ్యంతరం చెప్పారు. వాట్సాప్‌లో తిరిగే "ఏడు తరాల శాపం సైన్స్ నిరూపించింది" లాంటి వాటిని దయచేసి ముందుకు పంపకండి.

మాకు అన్నిటికంటే ఇష్టమైన అధ్యయనం ఎలుకలది. మాంట్రియల్‌లో మైకేల్ మీనీ బృందం 2004లో దాన్ని ప్రచురించింది. పిల్లల్ని బాగా నాకి ముద్దుచేసే తల్లి దగ్గర పెరిగినవి పెద్దయ్యాక నిబ్బరంగా ఉన్నాయి. పట్టించుకోని తల్లి కన్న పిల్లల్ని తీసుకెళ్లి ప్రేమగల తల్లి దగ్గర ఉంచారు. వాటి జన్యువు మీది గుర్తులు పెంచిన తల్లి పిల్లల గుర్తుల్లాగే మారాయి. కన్నది ఎవరన్నది కాదు, ఎవరు దగ్గరకు తీసుకున్నారన్నదే లెక్కకు వచ్చింది.

బబులోను చెరలో ఉన్నవారు పుల్లని ద్రాక్షకాయల సామెత చెప్పుకుని కుమిలిపోయేవారు. ఆ సామెత ఇక పలకవద్దని యెహెజ్కేలు 18వ అధ్యాయంలో ఉంది. దెబ్బ తిన్నవారి పిల్లల్ని "చెడిపోయిన రక్తం" అనడం కులం మాటే, సైన్స్ చొక్కా తొడుక్కుని వచ్చింది, అంతే. తల్లిని నిందించడమూ అలాంటిదే. పస్తులుండాలని ఆ డచ్ తల్లులు కోరుకోలేదు. రవాణా ఆపినవాడు వేరే ఉన్నాడు.

మన దగ్గర 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ప్రతి గర్భిణికీ, ప్రసవమైన ఆరు నెలల వరకూ, అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఆహారం అందాలి. పని వెతుక్కుంటూ రాష్ట్రం దాటి వచ్చిన ఆడబిడ్డ పేరు ఆ పుస్తకంలోకి ఎక్కడం అంత సులువు కాదు. అక్కడి భాష రాదు, ఎవరిని అడగాలో తెలియదు. తెలుగూ స్థానిక భాషా రెండూ వచ్చిన మీరు ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఒక వీధి తీసుకోండి. కడుపుతో ఉన్న అక్కలెవరో అడగండి, వాళ్ల వెంట అంగన్‌వాడీ దాకా నడవండి.