భయానక చిత్రము – మన ప్రేక్షకులు

(సంఘపు కుటుంబసభలో చేసిన ప్రసంగపాఠము)



గతమాసమున మన సంఘమందిరములో ప్రదర్శింపబడిన ఆంగ్లచిత్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. మేము కళావిమర్శకులము కాము. మెట్రిక్యులేషన్‌తో చదువు చాలించి అంగడిలో కూర్చున్నవారము. సరకును చూచునపుడు కొనువాని ముఖము ఎట్లు మారునో కనిపెట్టుట మా వృత్తిలోని అలవాటు. కావున ఆనాటి సాయంకాలము మేము తెరను ఎంతసేపు చూచితిమో ప్రేక్షకులను గూడ నంతసేపు చూచితిమి. అట్లు చూచినదానినే నేడు మనవి చేయుదుము.

తెలుగుభాష కొరకు ఏర్పడిన సంఘమునకు తెల్లవారి దయ్యముల చిత్రముతో పనియేమని పెద్దలు కొందరు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము ఈ ప్రసంగము ముగియులోపల దొరకునని మా నమ్మకము.

ముందుగా చిత్రమును గూర్చి. దాని పేరు డ్రాకులా. బ్రామ్ స్టోకర్ అను ఐర్లండు రచయిత 1897లో ప్రకటించిన నవల దానికి మూలము. ఇంగ్లండులోని హామర్ సంస్థవారు దానిని 1958లో విడుదల చేసిరి. టెరెన్స్ ఫిషర్ దర్శకుడు. క్రిస్టఫర్ లీ రక్తపిశాచిగాను, పీటర్ కుషింగ్ దానిని వేటాడు వైద్యునిగాను నటించిరి. నిర్మాణమునకైన వ్యయము సుమారు 80 వేల పౌండ్లు. ఆనాటి పెద్ద చిత్రముల లెక్కలలో అది చిల్లర పెట్టుబడి. థేమ్స్ నది యొడ్డున బ్రే అను గ్రామమునందొక పాత భవంతిని స్టూడియోగా మార్చుకొని, ఒక చిత్రమునకు నిలిపిన గోడలనే కొంత మార్చి మరియొక చిత్రమునకు వాడుకొనుచు వారు పొదుపుగా పని నడపిరి. చిన్న మూలధనముతో పెద్ద బేరము చేసిన ఆ సంస్థకు, ఎగుమతులలో సాధించిన విజయమునకు గాను, 1968లో రాణీగారి పురస్కారము లభించినది. ఈ సంగతి వర్తకులమైన మాకు చాల నచ్చినది.

అయితే వారి దేశములోనే ఆ సరకును అందరును మెచ్చలేదు. 1957లో ఆ సంస్థయే ఫ్రాంకెన్‌స్టయిన్ కథను రంగులలో తీసినపుడు, లండను పత్రికలలో పేరుగన్న విమర్శకులు కొందరు అది జుగుప్సాకరమని ఈసడించిరి. జనము మాత్రము టిక్కెట్ల కొరకు బారులు తీరిరి. మరుసటి యేడు వచ్చిన డ్రాకులాకు 16 ఏండ్లు నిండనివారికి ప్రవేశము లేని ఎక్స్ తరగతి నిచ్చిరి. సూర్యకాంతి సోకి పిశాచము బూడిదయగు ఘట్టములో కొన్ని తునకలను సెన్సారువారు తీసివేయించిరి. జపానుకు పంపిన ప్రతిలో ఆ తునకలుండినవి. అవి 2011లో టోకియోలోని చిత్రభాండాగారమున కనబడగా మరల చిత్రములో చేర్చిరి. ఒకప్పుడు 16 ఏండ్ల లోపువారికి కూడదనిన ఆ కథకు బ్రిటిషు సెన్సారువారు ఈ శతాబ్దములో 12 ఏండ్ల తరగతి నిచ్చిరి. చిత్రమదియే, చూచు కన్నులు మారినవి. మనము కూడ అదే మేర పాటించి, పండ్రెండేండ్లు నిండని పిల్లలను ప్రక్కగదిలో కథలు వినుటకు కూర్చుండబెట్టితిమి.

ఇక మన మందిరములో జరిగినది వినుడు.

చిత్రారంభమున ఒక యువకుడు పుస్తకముల పట్టిక వ్రాయు మిషతో ఆ ప్రభువు కోటకు వచ్చును. మెట్ల పైభాగమున నల్లని ఆకారము నిలుచును. మెల్లగా దిగివచ్చి మర్యాదగా మాటలాడును. అంతవరకు భయంకరమైనదేదియు జరుగలేదు. అయినను ముందువరుసలోని అవ్వలు కొంగు నోటికడ్డము పెట్టుకొనిరి. వారి వెనుకనున్న మనుమలు మనుమరాండ్రు నిశ్చింతగా నుండిరి. కారణమేమి? పిల్లలకు ఇంగ్లీషు తెలియును, అవ్వలకు తెలియదు. ఒక మనుమరాలు వంగి, "ఏమీ లేదవ్వా, రమ్మని పలుకరించుచున్నాడు, గది చూపించుచున్నాడు, అంతే" అని చెప్పగనే ఆ అవ్వ కొంగు దించెను. పలుకుబడి తెలిసినంతనే సగము భయము పోయినది.

కొంతసేపటికి లెక్క తారుమారైనది. ఆ పిశాచము మొదటి ఘట్టములలో మాటలాడి, అటుపైన చిత్రము ముగియువరకు ఒక్క మాటయైన పలుకదు. ఎఱ్ఱని కన్నులతోను, నెత్తురంటిన నోటితోను ద్వారమున నిలుచును, అంతే. అంతకుముందు ధైర్యముగా నున్న పిల్లలు అప్పుడు కుర్చీలలో ముడుచుకొనిరి. ఇంగ్లీషు వచ్చుట వారికి అక్కరకు రాలేదు. అర్థము చేసికొనుటకు మాటయే లేదు గదా!

వెల్లుల్లి సంగతి మరియొకటి. జబ్బుపడిన లూసీ గదిలో, పిశాచము రాకుండుటకై, వెల్లుల్లిపూలు ఉంచవలెనని వైద్యుడు ఆజ్ఞాపించును. ఆ మాటకు మన మందిరమంతయు గొల్లుమన్నది. "తెల్లగడ్డకు బెదరు దయ్యము మన వీథిలో ఒక్క పూటయైన నిలువదు; బాలింత గల ఇంటికి రమ్మనుడు, చూతము" అని ఒక పెద్దముత్తైదువ అన్నది. నవ్వు మరల రేగినది. కాని ఆ లూసీ ఊపిరాడుటలేదని బ్రతిమాలగా, పనిమనిషి జాలిపడి ఆ పూలను తీసివేయునపుడు, ఆ ముత్తైదువయే "తీయకే, తీయకే అమ్మాయీ!" అని పెద్దగా కేకవేసెను. తెరమీది పనిమనిషికి తెలుగు రాదని ఆమెకు తెలియదా? తెలియును. అయినను ఆ కేక తెలుగుననే వచ్చినది. పగలంతయు అరవములో బేరమాడువారు, కచేరీలలో ఇంగ్లీషున వ్రాయువారు మన మందిరమున చాలమంది యుండిరి. ఆ చీకటిలో మేము విన్న అరుపులు "అమ్మో", "బాబోయ్", "ఓరి నాయనో" అనునవే. అయితే అట్లు అరచినవారందరును నలువది దాటినవారు. పిల్లల అరుపులు వేరు భాషలలో నుండినవి. ఈ భేదమును మేము మనస్సున గుర్తుంచుకొంటిమి. మీరును గుర్తుంచుకొనవలెను.

శిలువను చూచి పిశాచము వెనుదీయుట మనవారికి బుద్ధికి తెలిసినదే గాని ఒడలికి తగులలేదు. చివరి ఘట్టములో వైద్యుడు తెరలను లాగివైచి సూర్యకాంతిని లోనికి విడుచునపుడు మాత్రము చప్పట్లు మ్రోగినవి. తెల్లవారిన దయ్యము నిలువదని మన అవ్వలు చెప్పని ఇల్లున్నదా?

పెట్టుబడి తక్కువయైనను జనమును బెదరించి మెప్పించిన దయ్యపు చిత్రములు తెల్లవారి సొత్తు మాత్రమే కావు. మన చెన్నపట్నపు స్టూడియోలలోనే అట్టివి పుట్టినవి. కన్నడదేశమున పుట్టి, అరసికెరెలో సంచారసినిమా నడిపి, తరువాత ఈ నగరమునకు వచ్చి, 1999లో ఇచ్చటనే కన్నుమూసిన బి. విఠలాచార్యగారిని ఎరుగని తెలుగువారు లేరు. పొదుపునందు ఆయన హామర్ వారికి తీసిపోడు. 1978లో ఆయన తీసిన జగన్మోహిని తెలుగువారితో పాటు తమిళులను గూడ ఉఱ్ఱూతలూపినది. ఆయన దయ్యము కట్టెలు లేకున్న తన కాళ్లనే పొయ్యిలో పెట్టి వంట చేయును. ఆ దృశ్యమునకు జనము జంకుచునే నవ్విరి. అది మన పొయ్యి, మన వంట, మన కోడలి పని. ఆ దయ్యము మాటలాడునది మన మాట. మాటలాడు దయ్యముతో మనిషి తగవులాడవచ్చును, బేరము పెట్టవచ్చును. చందమామ పత్రికలో విక్రమార్కుని భుజము మీది బేతాళుడు ఎన్ని తరముల పిల్లలను బెదరించెనో మీకు తెలియును. ఆ బేతాళుడును కథ చెప్పి ప్రశ్న వేయువాడే గాని ఊరకుండువాడు కాడు. చెట్టునుండి దించిన శవము పలుకరించిన పిల్లవాడు భయపడును. కాని ఆ ప్రశ్నకు జవాబు తాను ముందుగా చెప్పవలెనని తొందరపడును. 1947లో ఈ నగరముననే పుట్టిన ఆ పత్రిక నేడు వెలువడుట లేదు.

ఇప్పుడు మన హృదయమునకు దగ్గరగా నున్న సంగతి. 2005లో విడుదలయై, మౌంటురోడ్డులోని శాంతి థియేటరులో రెండేండ్లకు పైగా ఆడిన చంద్రముఖిని మీలో చూడనివారుండరు. అది తమిళచిత్రము. అందులో కథానాయిక నావేశించు నర్తకి తెలుగునాటినుండి రాజు తెచ్చినది. అందుచేత ఆవేశము కలిగినపుడు ఆమె తెలుగున మాటలాడును, తెలుగుననే పాడును. ఆమె నోట తెలుగు వెలువడిన క్షణమున హాలంతయు బిగుసుకొనిపోవుట మేము స్వయముగా చూచితిమి. మా ప్రక్కసీటులోని తమిళమిత్రుడు కుర్చీచేతిని పట్టుకొనెను. మాకు మాత్రము భయము కలుగలేదు, జాలి కలిగినది. ప్రియుని తల నరికించి తనను సజీవముగా దహింపించిన రాజు మీద ఒక ఆడుది పగపట్టినది. ఆమె ఏమనుచున్నదో మాకు తెలియుచుండెను.

ఇది తమిళులు మనకు చేసిన అవమానమని తలచరాదు. దానికి మూలమైన 1993 నాటి మలయాళచిత్రము మణిచిత్రతాళులో ఆ నర్తకి తమిళము మాటలాడును. ప్రతి జాతియు తన భయమును పొరుగువాని భాషకు అప్పగించుచున్నది. పొరుగుభాష పూర్తిగా తెలియనిది కాదు, పూర్తిగా తెలిసినదియు కాదు. చెవికి పరిచయమై బుద్ధికి అందని మాట వలననే మనిషి ఎక్కువగా జంకును. అవ్వలు తెల్లదొర మర్యాదలకు భయపడుటకును, తమిళప్రేక్షకులు తెలుగు పలుకులకు భయపడుటకును కారణమొక్కటే.

సోదరులారా, ఈ కారణము సినిమాహాలులోనే నిలిచిపోవు నెడల మేము ఇంతసేపు మాటలాడవలసిన పని లేదు. అది మన ఇండ్లలోనికి వచ్చినది. మాకు తెలిసిన ఒక ఇంట, ఎనుబది దాటిన అవ్వ మంచము పట్టినది. ఆమె జీవితమంతయు ఈ పట్నముననే గడపినది. అరవము చక్కగా మాటలాడెడిది. చివరి దినములలో జ్ఞాపకము చెదరి అరవము ఆమెను విడిచిపోయినది. చిన్ననాటి తెలుగు మాత్రము మిగిలినది. రాత్రివేళ ఆ తెలుగుననే పిలుచును, అడుగును, పాత పేర్లు పలుకును. తొమ్మిదేండ్ల మునిమనుమడు గడపదగ్గర నిలిచి లోనికి పోడాయెను. ఎందుకని మేమడుగగా "భయముగా నున్నది, ఏమో చెప్పుచున్నది" అని అరవములో అన్నాడు. ఆమె అడుగుచుండినది మంచినీళ్లు. వానిని చేరబిలిచి, తల నిమిరి, వాడు అన్నము తిన్నాడా అని అడుగవలెనని ఆమె కోరిక. ఆ పసివాని చెవికి అది దయ్యపు పలుకైనది.

ఆ పిల్లవానిని మేము తప్పుపట్టము. ఆ తలిదండ్రులను నిందించము. వారు ఉదయము పోయి రాత్రికి వచ్చువారు. 2006 నాటి చట్టము తరువాత ఈ రాష్ట్రపు పాఠశాలలలో తమిళము క్రమముగా తప్పనిసరియైనది. తమిళము మనకు అన్నము పెట్టు భాష. దానిని మన పిల్లలు బాగుగా నేర్వవలసినదే. కాని తెలుగు నేర్పు భారము అప్పటినుండి బడిమీద కంటె ఇంటిమీదనే ఎక్కువగా పడినది. ఆ సంగతి మనము ఎరిగి నడుచుకొనవలెను.

కనుక మా మనవి రెండు ముక్కలలో చెప్పుదుము. పిల్లలకు తెలుగనగనే ముందు శతకములను, సంధులను పెట్టి బెదరగొట్టకుడు. ముందు దయ్యముల కథలు చెప్పుడు. కొరివిదయ్యము, బ్రహ్మరాక్షసుడు, మర్రిచెట్టు మీది బేతాళుడు – ఇవి మీ అమ్మలకు, అత్తలకు కంఠస్థములు. దీపము తగ్గించి చెప్పిన కథను ఏ పిల్లవాడును మధ్యలో విడిచిపోడు. కథ అర్థము కావలెనన్న మాట తెలియవలెను. అందుకై వాడే అడిగి నేర్చుకొనును. ఇది మొదటిది.

రెండవది, వచ్చు ఆదివారమునుండి సాయంకాలము ఐదు గంటలకు మన మందిరములో అవ్వల కథాకాలక్షేపము జరుగును. మన గ్రంథాలయములో కట్టగట్టి యుంచిన పాత చందమామలను బయటికి తీయించితిమి. చందా ఏమియు లేదు. కథ చెప్పగల పెద్దలు కార్యదర్శిగారికి తమ పేర్లు తెలుపగోరుచున్నాము. వచ్చుమాసము విఠలాచార్యగారి చిత్రమొకటి ప్రదర్శించుటకును కార్యవర్గమువారు సమ్మతించిరి. ఆనాడు అవ్వలు ముందువరుసలో కూర్చుండరాదు. మనుమల ప్రక్కన కూర్చుండవలెను. తెరమీద దయ్యము ఏమన్నదో ఈసారి మనుమలకు చెప్పవలసినవారు అవ్వలు.