అంటువ్యాధి కాలమున పాఠశాలలు
(నంద్యాల పఠనమందిరమున గావించిన ఉపన్యాస పాఠము)



2022వ సంవత్సరము జనవరి 17వ తేదీని మనలో చాలమంది మఱచియుందురు. సంక్రాంతి సెలవులు ముగిసి మన రాష్ట్రమున బడులు తెఱచిన దినమది. ఒమిక్రాను అను క్రొత్త రూపముతో కరోనా అప్పుడు ఊరూర ప్రాకుచుండెను. తెలంగాణ ప్రభుత్వము సెలవులను నెలాఖరువఱకు పొడిగించెను. మన ప్రభుత్వము బడులు నడపుటకే నిశ్చయించెను. ఆళ్లగడ్డ చుట్టుపట్ల పల్లెలనుండి నంద్యాల వసతిగృహములకు పిల్లలు పెట్టెలతోను, పండుగ పిండివంటల డబ్బాలతోను మరలివచ్చు కాలమది. పదునైదేండ్లు నిండినవారికి జనవరి 3వ తేదీనుండి టీకాలు వేయ నారంభించిరి గాని, అంతకు చిన్నవారికి ఆనాటికి టీకాయే లేదు.

బడులు తెఱచుట సాహసమని కొందఱు వాదించిరి. మేము ఆ వాదమును త్రోసిపుచ్చము గాని, దానితో ఏకీభవింపజాలము. 2020 మార్చిలో మూతపడిన ప్రాథమిక తరగతుల తలుపులు 2021 ఫిబ్రవరి 1న తెఱచుకొనెను. ఏప్రిలు 20న రెండవ విజృంభణకు వెఱచి మరల మూసిరి. ఆగస్టు 16న గాని తిరిగి తెఱవలేదు. పదునేడు నెలలలో పసిబిడ్డ బడిలో నున్నది మూడు నెలలైనను నిండలేదు! చేతిఫోను గల యింట పాఠము కుంటుచునైనను సాగెను. ప్రత్తిచేనికి పోవు తల్లి వెంట నడచిన బిడ్డకు ఏమి సాగెను? మూసిన బడి ధనికుని బిడ్డకంటె కూలివాని బిడ్డకే ఎక్కువ చేటు చేసెను. కావున తెఱువవలసినదే. అయితే ఎట్లు తెఱువవలెను?

ఆ తొలి దినములలో మనము బల్లలు తుడిచితిమి, గోడలకు మందునీరు చల్లితిమి. చేతులు కడుగుకొనుట మంచిదే. అతిసారమునకు నేటికిని అదియే మందు. కాని ఈ జబ్బు ముట్టుకొనుటవలనకంటె పీల్చెడు గాలివలననే ఎక్కువగా వ్యాపించునని తరువాతి పరిశోధనలు తేల్చినవి. కిక్కిరిసిన గదిలో ఒకడు విడిచిన ఊపిరి మఱియొకనికి చేరును. ఆళ్లగడ్డ శిల్పులకు ఈ మాట మేము చెప్పనక్కఱలేదు. ఉలి క్రింద లేచు రాతిధూళి కంటికి కనబడును గనుక ముక్కునకు గుడ్డ అడ్డము పెట్టుకొనవలెనని వెంటనే తోచును. ఈ క్రిమి కనబడదు, అంతియే భేదము.

గాలికి మందు గాలియే. 1904లో జర్మనీయందు బెర్లిను చెంతనున్న షార్లోటెన్‌బర్గున బలహీనులగు బాలుర నిమిత్తము చెట్ల నడుమ పాఠశాల నెలకొల్పిరి. 1908లో అమెరికాయందలి ప్రావిడెన్సు నగరమున క్షయభయము గల పిల్లలకు, మంచు కురియు శీతకాలమునను కిటికీలు తెఱచియుంచి పాఠములు చెప్పిరి. చలికి పిల్లలను కంబళి సంచులలో కూర్చుండబెట్టిరి. నంద్యాల జనవరి చలికి కంబళి సంచి ఏల? తెఱచిన కిటికీ చాలును. ఎండ ముదరకముందు వేపచెట్టు క్రింద రెండు పాఠములు చెప్పిన ఖర్చేమి? మన వీథిబడులు అరుగులమీదను, చెట్ల నీడలను నడచినవే. నేడు దోమలకనియు, ధూళికనియు, రోడ్డు మ్రోతకనియు కిటికీలు బిగించి, పంకా క్రింద అఱువది మందిని కూర్చుండబెట్టు గదులు మన పట్టణమున లేవా? దోమలకు తెఱ కలదు. బిగించిన గదికి ఏ మందును లేదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయము హాజరు పట్టీ. జ్వరము వచ్చిన బిడ్డ ఇంట నుండవలెనని అందఱును చెప్పుదురు. 2022 జనవరిలో కేంద్రప్రభుత్వము, స్వల్పముగా జబ్బుపడినవారు ఏడు దినములు ఇంట వేఱుగా నుండవలెననియు, కడపటి మూడు దినములు జ్వరము లేకుండవలెననియు నిర్ణయించెను. మంచిది. కాని ఆ సంవత్సరమే అమ్మఒడి సొమ్మునకు 75 శాతము హాజరు నియమము కలదు. తల్లి ఏమి చేయును? దగ్గుచున్న బిడ్డకు మాత్ర మ్రింగించి బడికి పంపును. ఆమెను నిందించుట సులభము. పదునైదువేల రూపాయలుగా ప్రకటింపబడిన ఆ సొమ్ము కూలియింట ఎంతటిదో ఎఱిగినవారు నిందింపరు.

ఇందొక చిత్రము కలదు. బడి 200 దినములు నడచినచో, 75 శాతము హాజరనగా 50 దినములు రాకున్నను నియమము చెడదు. జ్వరమునకు వలసినది ఏడు దినములు! నియమముకంటె నియమభయమే పెద్దది. ఈ లెక్క ఆ తల్లికి చెప్పినవారెందఱు? చెప్పకపోగా, ఒక్క దినమైనను మానని విద్యార్థికి బహుమానమిచ్చు సభలలో చప్పట్లు కొట్టుచున్నాము. జ్వరముతో వచ్చి ప్రక్కవానికి అంటించినవానికిని ఆ బహుమానమే. ఇంట పండుకొని తోటివారిని కాపాడినవానికి ఏమియు లేదు. ఈ బహుమానములు మాన్పవలెనని మా దృఢాభిప్రాయము. పథకముల పేర్లు మారును, ప్రభుత్వములు మారును. హాజరు పట్టీ మారదు.

వసతిగృహముల సంగతి వేఱు. అచ్చటి బిడ్డకు "ఇంట నుండుము" అనుటలో అర్థము లేదు. జబ్బుపడినవానికి ఒక గది, ఆ గదికొక కిటికీ, వేళకు గంజి యిచ్చు మనుష్యుడు కావలెను. జ్వరము తగిలిన పిల్లవానిని రద్దీ బస్సులో ఆళ్లగడ్డకు పంపివేయుట చికిత్స కాదు, వ్యాధిని పల్లెకు మోయుట. 1918లో ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి రేవున దిగి, రైళ్లలో ప్రయాణికులతో దేశమంతట వ్యాపించి, కోటికి మీఱిన ప్రాణములను గొనెను.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్యసంస్థ కరోనా అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించెను. అత్యవసరము ముగిసినది గాని క్రిమి పోలేదు; ఏటేటి పడిసెపు జ్వరములును పోలేదు. వ్యాధి విజృంభించిన దినమున నియమములు వ్రాయ కూర్చున్నచో భయమే వ్రాయును. కావున రాబోవు సెలవులు ముగియుటకు ముందే మీ బడి ప్రధానోపాధ్యాయుని కలసి మూడు ప్రశ్నలు వేయుడు: తరగతి కిటికీలన్నియు తెఱచుకొనునా? జ్వరముతో మానిన బిడ్డకు పాఠము ఎవరు, ఎప్పుడు చెప్పుదురు? హాజరు లెక్క తల్లులకు తెలియునట్లు గోడపై వ్రాసినారా? జవాబులను వ్రాతమూలముగా పొంది, వచ్చు ఆదివారము ఈ మందిరమునకు తీసికొని రండు. ఏ బడిలో ఏ కిటికీ బిగుసుకొనియున్నదో తేలినచో, వడ్రంగి కూలి చందా ఆనాడే పోగుచేయుదము.