కోచ్‌ని మారిస్తే సరిపోద్దా? మన హైదరాబాద్ టీమ్ చెప్పే కథ

సైదాబాద్ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చేశాను. ఫుట్‌బాల్ మీద ఏ వీడియో పెట్టినా కింద ఒక కామెంట్ మాత్రం పక్కా వస్తది: "అన్నా, ఒక పెద్ద ఫారిన్ కోచ్‌ని తీసుకొస్తే మన టీమ్ సెట్ అయిపోతది కదా?" ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే. జవాబు కోసం స్పెయిన్ దాకా పోనక్కర్లేదు, గచ్చిబౌలి దాకా పోతే చాలు.

ముందు 2025 జులై గుర్తు చేసుకుందాం. ఇండియా కోచ్ పోస్టు ఖాళీ అయింది, 170 అప్లికేషన్లు వచ్చాయి. అందులో బార్సిలోనా లెజెండ్ జావి పేరు కూడా ఉందని వార్త పేలింది. జీతం ఎక్కువ కాబట్టి వద్దనుకున్నారని కూడా రాసేశారు. మన ఫోన్లలో రెండ్రోజులు అదే గోల. తర్వాత ఫుట్‌బాల్ సమాఖ్యే చెప్పింది: జావి పేరుతో, గార్డియోలా పేరుతో వచ్చిన ఈమెయిల్స్ అసలైనవి కావు అని.

నవ్వొస్తది కదా. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఒక ఉత్తుత్తి ఈమెయిల్‌ని దేశం మొత్తం ఎందుకు నమ్మింది? నమ్మాలని ఉంది కాబట్టి. ఎక్కడినుంచో ఒక పెద్ద మనిషి దిగుతాడు, అన్నీ బాగుచేస్తాడు అనే కథ మనకు బాగా ఇష్టం. సినిమాల్లో హీరో ఎంట్రీ అలవాటైన కళ్లు కదా మనవి.

సరే, ఇప్పుడు మన హైదరాబాద్ ఎఫ్‌సీ కథలోకి వద్దాం. 2019లో పుణె టీమ్ మూతపడితే దాని స్థానంలో మన టీమ్ పుట్టింది. మొదటి కోచ్ ఫిల్ బ్రౌన్, ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో హల్ సిటీని నడిపించిన మనిషి. అంటే కామెంట్లలో మనం అడిగే "పెద్ద పేరు" అన్నమాట. ఏమైంది? 2020 జనవరిలో తీసేశారు. అప్పటికి గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. మరి తీసేశాక అద్భుతం జరిగిందా? సీజన్ మొత్తం 18 మ్యాచుల్లో రెండే విజయాలు, 10 పాయింట్లు, అట్టడుగు స్థానం.

తర్వాతి సీజన్‌కి ఆల్బర్ట్ రోకా అని ప్రకటించారు, బెంగళూరులో మంచి పేరు తెచ్చుకున్నవాడు. సీజన్ మొదలవకముందే ఆయనకు బార్సిలోనా నుంచి పిలుపొచ్చింది, వెళ్లిపోయాడు. అప్పుడు హడావిడిగా 2020 ఆగస్టు చివర్లో మనోలో మార్కెజ్ వచ్చాడు. ఇక్కడ చాలామందికి ఆ పేరే తెలీదు. మొదటి సీజన్‌లో ఐదో స్థానం, ప్లేఆఫ్ ఒక్క మెట్టు దూరంలో పోయింది. ఇక్కడ క్లబ్ ఒక తెలివైన పని చేసింది. ఆయన్ని మార్చలేదు, కాంట్రాక్ట్ పొడిగించింది.

2022 మార్చి 20, గోవాలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ మీద. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో 1-1. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. మనం ఛాంపియన్స్! అయితే కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. కప్పు గెలిచిన ఏడాది మన టీమ్ మన ఊళ్లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు.

2023లో మనోలో గోవా క్లబ్‌కి వెళ్లిపోయాడు. అదే సమయానికి క్లబ్‌లో డబ్బు సమస్య ముదిరింది. బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం, సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోవడం. 2023-24లో 22 మ్యాచుల్లో ఒక్క గెలుపు, 8 పాయింట్లు, మళ్లీ అట్టడుగే. ఆ టీమ్‌ని నెత్తిన పెట్టుకుని మోసింది తంగ్‌బోయ్ సింగ్టో, మనోలో దగ్గర అసిస్టెంట్‌గా చేసిన కోచ్. దాదాపు అందరూ కుర్రాళ్లే. 2024 డిసెంబర్‌లో ఆయన్నీ పంపేశారు, షమీల్ చెంబకత్ వచ్చాడు. టేబుల్‌లో పెద్ద మార్పేం లేదు, చివరి నుంచి రెండో స్థానం. చివరికి 2025లో టీమే ఢిల్లీకి వెళ్లిపోయింది, పేరు కూడా మారిపోయింది.

అంటే కోచ్‌ని మార్చీ మార్చీ, చివరికి ఊరినే మార్చేశారు.

ఇప్పుడు అసలు పాయింట్. జ్వరం 104 ఉన్నప్పుడు పిల్లాడి చేతికి తాయెత్తు కడతారు. రెండ్రోజులకి జ్వరం తగ్గుద్ది. క్రెడిట్ ఎవరికి? తాయెత్తుకి! కోచ్ మార్పు కూడా చాలాసార్లు ఇంతే. వరసగా ఐదు మ్యాచులు ఓడినప్పుడు, అంటే పరిస్థితి మరీ దిగజారినప్పుడు తీసేస్తారు. అక్కడినుంచి ఎలాగూ కొంచెం కోలుకుంటది. బాస్ టెర్ వీల్ అనే ఆర్థికవేత్త నెదర్లాండ్స్ లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా లెక్కలు తీశాడు. కోచ్‌ని తీసేసిన టీమ్‌లను, అంతే ఘోరంగా ఓడినా కోచ్‌ని ఉంచుకున్న టీమ్‌లతో పోల్చాడు. తీసేసినందువల్ల అదనంగా ఒరిగిందేం కనపడలేదు.

నాకిది వెంటనే అర్థమైంది. ఎందుకంటే నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు డెడ్‌లైన్ తప్పిన ప్రతిసారీ మేనేజర్‌ని మార్చేవాళ్లు. అదే పాత కోడ్, అదే నలుగురం, కొత్త మేనేజర్‌తో కొత్త మీటింగులు. బగ్ మాత్రం ఉన్నచోటే ఉండేది.

"అంటే కోచ్ గొప్పదనం ఏమీ లేదా అన్నా?" అని అడుగుతారు. ఉంది, చాలా ఉంది. దానికి సాక్ష్యం కూడా మన ఊరే. రహీమ్ సాబ్, సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తి టీచర్, ఊరు హైదరాబాద్. ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఇండియాకి ఆసియా క్రీడల బంగారు పతకం. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లేవియా చేతిలో 10-1 ఓటమి.

10-1! ఇప్పుడైతే రాత్రికి రాత్రే హ్యాష్‌ట్యాగ్ లేపి ఇంటికి పంపేవాళ్లం. అప్పుడు పంపలేదు. 1956 మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్ నాలుగో స్థానం, 1962 జకార్తాలో దక్షిణ కొరియా మీద 2-1తో మళ్లీ బంగారం. క్యాన్సర్‌తో పోరాడుతూ తెచ్చిన పతకం అది. 1963 జూన్‌లో ఆయన చనిపోయారు. గొప్ప కోచ్, ఆయన వెనక ఏళ్ల తరబడి సమయం, కింద ఆటగాళ్లను తయారుచేసే ఊరు. మూడూ ఉంటేనే అది జరిగింది.

ఒక్కటి తీసేస్తే ఏమవుతదో కూడా చూశాం. 2024 జులైలో మనోలోనే ఇండియా కోచ్ అయ్యాడు, గోవా క్లబ్ ఉద్యోగం కూడా చేస్తూనే. అదే మనిషి, అదే బుర్ర. నవంబర్ 18న గచ్చిబౌలిలో మలేసియాతో మ్యాచ్‌కి నేను ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి పోయా. 1-1. మొత్తం ఎనిమిది మ్యాచుల్లో ఆయన గెలిచింది ఒక్కటే, మాల్దీవుల మీద. గోల్ కొట్టేవాడు లేక రిటైరైన సునీల్ ఛెత్రిని 40 ఏళ్ల వయసులో వెనక్కి పిలిచారు. కోచ్‌కి దొరికేది కొన్ని రోజుల క్యాంప్. స్ట్రైకర్‌ని క్యాంప్‌లో తయారుచెయ్యలేం కదా.

తర్వాత ఖాలిద్ జమీల్ వచ్చాడు, 13 ఏళ్ల తర్వాత భారతీయ కోచ్. మొదటి టోర్నీలో ఒమన్‌ని పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం. అబ్బో అన్నాం. అక్టోబర్ 14న గోవాలో సింగపూర్ చేతిలో 2-1తో ఓడి ఆసియా కప్ ఆశ పోయింది. అంతే, మళ్లీ మొదలు: "కోచ్‌ని మార్చండి!"

అందుకే ఇకమీదట కోచ్ రూమర్ వాట్సాప్‌లో వస్తే ఫార్వర్డ్ చేసేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. జీతాలు టైమ్‌కి పడుతున్నాయా? ఈ కోచ్‌కి కనీసం రెండు సీజన్లు ఇస్తారా? కింద నుంచి పిల్లలు వస్తున్నారా? మూడింటికీ "లేదు" అయితే గార్డియోలా నిజంగానే అప్లై చేసినా లాభం లేదు.

మా సైదాబాద్ గల్లీల్లో సాయంత్రం బంతి తన్నే పిల్లలున్నారు. వాళ్లలో పదేళ్ల వాడికి ఇప్పుడు "మన టీమ్" అని చెప్పుకోడానికి పెద్ద లీగ్‌లో హైదరాబాద్ పేరే లేదు. రహీమ్ సాబ్ ఊరికి ఇది చిన్న నష్టం కాదు. తర్వాతి కోచ్ ఎవరన్న చర్చ వంద వీడియోల్లో దొరుకుతది. ఆ పిల్లాడికి సాయంత్రాలు ఆట నేర్పేది ఎవరు అన్న చర్చ ఎక్కడా దొరకట్లేదు.

మీ ఏరియాలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పించేవాళ్లు ఉంటే, ఆ గ్రౌండ్ ఎక్కడుందో కామెంట్‌లో రాయండి. నేనొచ్చి చూస్తా, ఎపిసోడ్ చేస్తా. నచ్చితే షేర్ చెయ్యండి, నచ్చకపోతే తిట్టండి, కానీ కోచ్‌ని మార్చమని మాత్రం అడగకండి. ఉంటా మరి, బై.